కుండ మోగినంక

రజాకార్లు ఇబ్రహీంపట్నం వైపు వస్తున్నారని తెలిసి, కుమ్మరి శంకరమ్మ తన మరిది భిక్షాన్ని కుండలు కాల్చే ఆవం చల్లారి ఉంటే, అందులో దాచింది.

"వాళ్లు పోయినంక కుండ మీద కొడ్త. గా సప్పుడు ఇన్నంకనే బయటికి రా."

కానీ భయంతో ఆమె ఆ రాత్రే కందుకూరు పారిపోయింది.

పోలీస్ యాక్షన్ అయ్యాక తిరిగి వస్తే ఆవం ఖాళీగా ఉంది. భిక్షం ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఆమె ఆ ఆవాన్ని కూల్చనివ్వలేదు, మళ్లీ వెలిగించలేదు. పక్కనే కొత్తది కట్టుకుంది. కుండలు మాత్రం కొట్టి చూడకుండానే అమ్మేది.

ఇవాళ చీకటి పడ్డాక ఈదమ్మ కుండ కొనడానికి వచ్చింది.

"మంచిగ కాలిందా అక్కా?" అంటూ, శంకరమ్మ వద్దనేలోపే వేళ్లతో కొట్టింది. కుండ ఖంగుమని మోగింది.

పాత ఆవంలో బూడిద కదిలింది.

"గింత సేపు ఏడికి పోయినవ్ వదినా?"