మసక మచ్చ

పానా మొదటి దెబ్బకి కంప్యూటర్ తెర పగిలింది. రెండోది డాక్టరు కుడి ముంజేతి మీద పడింది. లోపల ఎముక చిట్లిన చప్పుడు ఆయనకి స్పష్టంగా వినిపించింది. బతుకంతా విరిగిన ఎముకల్ని బొమ్మల్లో చూసిన మనిషికి వాటి చప్పుడు వినడం అదే మొదలు.

కొట్టినవాడు రాతి క్రషర్‌లో మేస్త్రి. ఆక్సిజన్ సిలిండర్లు బిగించే ఆ పానా పై అంతస్తు వార్డులోంచి ఎత్తుకొచ్చాడు. ఆ వార్డులోనే ఉదయం అతని తమ్ముడు ఊపిరందక గిలగిల్లాడి చచ్చిపోయాడు. వాడు కక్కుకున్న నెత్తురు మేస్త్రి చొక్కా మీద ఇంకా ఆరలేదు.

వెంట వచ్చింది చచ్చిపోయినవాడి బావమరిది. అతనిదీ అదే క్రషర్. స్కాన్ గది తలుపు మూసి, వీపు ఆనించి నిలబడ్డాడు. బయట వాచ్‌మన్లు బాదుతుంటే పైగడియ వెయ్యడానికి కుడి చెయ్యి ఎత్తబోయి, అది భుజం దాకా లేవక, ఎడమచేత్తో వేశాడు.

“నా తమ్ముడి స్కాన్ చూసింది నువ్వేగా?” మేస్త్రి డాక్టరుని కాలరు పట్టి కుర్చీలోంచి లేపాడు. “చిన్న మచ్చ, కంగారేం లేదు, ఏడాదికి మళ్లీ చూద్దామని రాశావు. ఏడాది ఇంకా కానేలేదు. వాడు పైన కట్టెలా పడున్నాడు.”

డాక్టరు నోరు తెరవబోయాడు. చెంప పగిలింది. కళ్లజోడు గోడకి తగిలి ఒక అద్దం ఊడిపోయింది.

క్రషర్ యజమాని ఏటా పనివాళ్లందరి ఛాతీలూ ఇక్కడ స్కాన్ తీయించేవాడు. నయం చేయించడానికని ఎవరైనా అనుకుంటే వాళ్లకో దండం. ఛాతీ చెడిందని తేలినవాణ్ణి మర్నాడు గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. దుమ్ము మింగించేదీ వాళ్లే, దగ్గు మొదలవగానే దులిపేసుకునేదీ వాళ్లే. అందుకే స్కాన్ రోజంటే మగాళ్లు హడలిపోయేవాళ్లు. పోయినసారి తమ్ముడు అప్పటికే గట్టిగా దగ్గుతున్నాడు. అయినా పాసయ్యాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు. మచ్చ ఉందన్న సంగతి కంపెనీ ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో పడ్డాక పాత రిపోర్టు తెప్పిస్తేనే మేస్త్రికి తెలిసింది.

మేస్త్రి మోకాటితో కడుపులో ఒక్కటి పొడిచాడు. డాక్టరు బల్ల మీదకి ఒరిగాడు.

“చాలు పెద్దబావా, వదిలెయ్. పోలీసులొస్తారు,” అన్నాడు తలుపు దగ్గరివాడు.

“నువ్వు నోరు ముయ్యి. వదిలేసిపోయి మీ అక్కకి ఏం మొహం చూపిస్తావు?”

అతను తల దించుకున్నాడు.

డాక్టరు నెత్తురు ఉమ్మి, చంపితే చంపమనీ, ముందు పాతదీ, ఆస్పత్రిలో చేరాక తీసిందీ రెండు స్కాన్లూ చూడమనీ అడిగాడు. మేస్త్రి ఒప్పుకున్నాడు. చేసిన పాపం డాక్టరు నోటితోనే చెప్పించాలని అతని కోరిక.

పగలని తెర ఇంకొకటి ఉంది. డాక్టరు ఒంటి అద్దం కళ్లజోడు పెట్టుకుని ఎడమచేత్తో బొమ్మలు తెరిచాడు. పాతదాంట్లో కుడి ఊపిరితిత్తి పైభాగాన, అద్దం మీద నోటి ఆవిరి పట్టినట్టు ఒక మసక. దాని వెనక రక్తనాళాలు కూడా కనిపిస్తున్నాయి.

“క్యాన్సరే అయినా, ఇలా మసగ్గా కనబడే రకం పాకుతుంది, పరిగెత్తదు. రెట్టింపవడానికి ఏళ్లు పడుతుంది. అందుకే ఏడాదన్నాను,” అన్నాడు డాక్టరు.

కొత్తదాంట్లో ఎడమవైపు, గుండె పక్కన, పిడికిలంత తెల్లటి గడ్డ.

“ఇది గట్టిది. ముక్క తీసి చూస్తే చిన్న కణాల క్యాన్సరని తేలింది. నెలా రెండు నెలల్లో రెట్టింపవుతుంది. ఆ మసక ఇన్ని నెలల్లో ఇలా అవదు. పైగా వైపే వేరు.”

“అయితే కొత్తగా పుట్టింది. పాతది కరిగిపోయింది. అంతేగా నీ కథ?”

“మసక కరిగితే కరగొచ్చు బాబూ. ఎముక కరగదు. పాత స్కాన్‌లో కుడి భుజం దగ్గరి కాలరెముక విరిగి వంకరగా అతుక్కునుంది. కొత్తదాంట్లో గీత కూడా లేదు. మీ తమ్ముడికి ఎప్పుడైనా అది విరిగిందా?”

మేస్త్రి తెర వంక చూశాడు. ఆ తమ్ముణ్ణి ఎత్తుకు పెంచినవాడు అతనే. వాడి ఒంటి మీద ప్రతి గాటూ అతనికి తెలుసు.

“లేదు,” అన్నాడు. పానా మీద పట్టు బిగిసింది. “అంటే బొమ్మలు తారుమారు చేశావు. ఎవడిదో బొమ్మ చూసి మావాడు బాగున్నాడని రాశావు. అప్పుడే తెలిసుంటే వాడికి మందైనా దక్కేది. వాడి రోగాన్ని దాచినవాడు ఎవడైనా సరే, ఇవాళ బతకడు.”

డాక్టరుకి పారిపోవాలని లేదు. పారిపోయే ఓపికా లేదు.

“చంపు. కానీ ఆ మసక ఉన్నవాణ్ణి వెతికించు. ఇప్పుడు కోయించుకుంటే నిక్షేపంలా బతుకుతాడు. తన ఛాతీలో అదుందని వాడికి తెలీదు.”

పానా ఆయన తల మీదకి లేచింది. దిగలేదు. వెనక నుంచి ఒక ఎడమచెయ్యి దాన్ని గట్టిగా పట్టుకుంది.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. బావమరిది చూపు అతని మీద లేదు, తెర మీదున్న మసక మీద ఉంది.

“ఆ రోజు బావ పేరు చెప్పి మిషన్‌లో పడుకుంది నేనే, పెద్దబావా.”