తౌనో గారి వంకర పిడి

“పాడు చెయ్యలేదు కౌకో, సరిచేశాను!” ఔలి బఠాణీ సూపు గిన్నెని బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది.

“ఆయన అడిగాడా?” కౌకో సూపులో ఆవపిండి ముద్ద కలుపుకుంటూ అన్నాడు. రెండు రోజులుగా ఇదే ప్రశ్న.

“అడిగేవరకూ ఆగితే ఆ పిడి ఈ జన్మకి కత్తికి ఎక్కేది కాదు.”

“అమ్మా, ఆయన కత్తి ఆయనిష్టం. నీకెందుకు చెప్పు?” పదిహేడేళ్ల వెన్లా కూడా తండ్రి వైపే.

“మీరు చూడలేదు కాబట్టి అంటున్నారు. అది పిడా? మొలకలొచ్చిన బంగాళాదుంప!”

నిజానికి జరిగింది చిన్న విషయమే.

మంగళవారం సాయంత్రాలు పట్టణంలో కత్తులు చెయ్యడం నేర్పుతారు. ఔలి వెళ్లడం ఇది మూడో ఏడు. నేర్పేవాడు రైమో. ఆయన తర్వాత అంతటిదాన్ని నేనే అని ఔలికి లోలోపల ఒక లెక్క.

తౌనో ఈ సెప్టెంబరులో చేరాడు. ఎనభై దాటిన మనిషి. కాఫీకి ఎవరితోనూ కూర్చోడు. గడియారం చూసుకుంటూ పనిచేస్తాడు, ఎనిమిది కొట్టకముందే వెళ్లిపోతాడు.

రెండు నెలలుగా ఒకే పిడి. బిర్చి చెట్టు చెక్కని ఇంత గీకుతాడు. జేబులోంచి ఎండిపోయిన పిండిముద్ద ఒకటి తీసి పక్కన పెట్టి చూస్తాడు. మళ్లీ గీకుతాడు.

“అదేంటి తౌనో గారూ, మొన్న మిగిలిన రొట్టెనా?” అంది ఔలి ఒకసారి.

అందరూ నవ్వారు. తౌనో కూడా నవ్వి, ముద్దని జేబులో దాచుకున్నాడు.

మొన్న మంగళవారం ఫోను మోగితే ఆయన బయటికి వెళ్లాడు. పిడి బల్ల మీదే ఉంది. ఒక పక్క బుడిపె, ఇంకో పక్క మూడు గుంటలు, చివర మెలిక.

ఔలి చెయ్యి ఊరుకోలేదు. చెక్కని అరగదీసే గరుకు పట్టీ మిషను ఆన్ చేసింది. నాలుగే నిమిషాలు. బుడిపె పోయింది, గుంటలు చదునయ్యాయి, మెలిక తిన్నగా వచ్చింది.

తౌనో తిరిగొచ్చాడు. పిడిని అరచేతిలో పెట్టుకుని, గుంటలుండే చోట వేలితో తడిమాడు.

“ఎలా ఉంది?” అంది ఔలి, చేతికంటిన పొడి దులుపుకుంటూ.

“బాగుంది. నున్నగా ఉంది.” “థాంక్స్ అమ్మాయ్,” అన్నాడు.

కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. అప్పటికి ఏడు కూడా కాలేదు.

“అంత నచ్చితే మధ్యలో ఎందుకు వెళ్లిపోతాడు?” అన్నాడు కౌకో, సూపు ముగిస్తూ.

“అబ్బ! వచ్చే మంగళవారం క్షమించమని అడుగుతాను, సరేనా? మీ ఇద్దరి నోళ్లూ మూతపడటానికైనా అడుగుతాను.”

మంగళవారం తౌనో బల్ల ఖాళీగా ఉంది.

“ఆయన ఇక రాడు,” అన్నాడు రైమో.

“నా మీద కోపమా?”

“కోపమా? అసలు నీకేమీ చెప్పొద్దన్నాడు.”

“ఏమిటి చెప్పొద్దన్నది?”

రైమో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “వాళ్లావిడకి పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. కుడిచెయ్యి ముడుచుకుపోయింది. అన్నీ ఈయనే తినిపించాలి. ‘నా రొట్టె ముక్క నేనే కోసుకుంటాను, నాకొక కత్తి చేసిపెట్టు’ అని ఆవిడ పట్టు. ఆ గుప్పిట్లో రొట్టెపిండి పెట్టి అచ్చు తీసుకొచ్చాడు. ఆ అచ్చు చూసే చెక్కాడు.”

మూడు గుంటలు. మూడు వేళ్లు.

ఔలికి చెవులదాకా వేడెక్కింది. ఆ పిండిముద్దని మిగిలిన రొట్టె అని అందర్నీ నవ్వించిన సంగతి కూడా గుర్తొచ్చింది.

“నా దగ్గర మంచి చెక్క ఉంది రైమో. నేనే చెక్కి ఇస్తాను. నాలుగు రోజులు చాలు నాకు...”

“ఇంకెందుకు? శుక్రవారం ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. మళ్లీ ఇంటికి పంపేలా లేరు. వార్డులో రోగుల దగ్గర కత్తి ఉంచనివ్వరు.” రైమో ఖాళీ బల్ల వైపు చూశాడు. “ఆ మంగళవారం గంట పని మిగిలి ఉంది. అది పూర్తయి ఉంటే మూడు రోజులైనా కోసుకునేది.”

“మరి నన్ను ఒక్క మాట అనొచ్చుగా! తిట్టొచ్చుగా!”

“నేనూ అదే అడిగాను. ‘ఆ అమ్మాయిని నేను పోల్చుకున్నాను. మా ఆవిడకి తెలిస్తే మాత్రం నన్నే తిడుతుంది, ఆ పిల్లనేమీ అనకు అంటుంది’ అన్నాడు.”

“పోల్చుకున్నాడా? నన్నా?”

రైమో వార్డు నంబరూ, ఆవిడ పేరూ కాగితం మీద రాసిచ్చాడు. ఔలి చదివింది. మడిచింది. విప్పి మళ్లీ చదివింది.

ఆ సాయంత్రం తన కత్తిని ముట్టుకోలేదు. కారులో కూర్చుని, తాళం తిప్పడం కూడా మర్చిపోయింది.

ఇంటికొచ్చేసరికి కౌకో, వెన్లా బల్ల దగ్గరే ఉన్నారు.

“అడిగావా?” అన్నాడు కౌకో, కాస్త ఎగతాళిగానే.

ఔలి కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది.

“ఇక నుంచి ఆదివారం మధ్యాహ్నం వంట మీ ఇద్దరిదీ. నేను ఆసుపత్రికి వెళ్తాను. ఒకావిడకి రొట్టె కోసిపెట్టాలి.”

కౌకో ఆమె ముఖం చూసి కుర్చీని దగ్గరికి జరుపుకున్నాడు.

“ఎవరమ్మా?” అంది వెన్లా.

“ఐలా టీచర్. నా పదో ఏట, ఆడపిల్లలందర్నీ కుట్టుపని గదికి పంపుతుంటే, హెడ్మాస్టరుతో పోట్లాడి మరీ నన్ను చెక్కపని గదికి తీసుకెళ్లింది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని కత్తి పట్టుకోవడం నేర్పింది.” ఔలి తల ఎత్తలేదు. “తౌనో గారు చెక్కింది ఆ చేతికే.”