రూతమ్మ వంతు చరణం

మట్టల ఆదివారం తెల్లవారేసరికి, చర్చి చూరులో కాపురమున్న రూతమ్మ పిచ్చుక గుడ్లు మూడింటినీ పాము మింగేసింది. రోజూ పొద్దున్నే గంట కొట్టగానే పిట్టలు తలా ఒక చరణం పాడడం అక్కడి ఆనవాయితీ. ఆ రోజు నుంచి రూతమ్మ పాట మానేసి, అవతలి తుమ్మచెట్టు మీదికి మకాం మార్చేసింది.

సంఘపెద్ద పావురం ఊరుకుంటుందా? కడుపుకోత దానికేం తెలుసు! "మూడు గుడ్లతో పోయే విశ్వాసమా నీది?" అని దెప్పింది.

వానలు వెనకపట్టాక ఒక ఉదయం గంట విని రూతమ్మ ఉండబట్టలేకపోయింది. తలవంచుకుని వచ్చి దూలం చివర వాలింది.

"ముందు తప్పు ఒప్పుకో. నీ చరణం ఎప్పుడో కొట్టేశాం," అంది పావురం.

"కొట్టెయ్యడానికి అదేమన్నా నీ అబ్బ సొత్తా?" అని లేచింది దానమ్మవ్వ, బొంగురు గొంతు ముసలి పిచ్చుక. "రా తల్లీ, వందనాలు. నీకు నోరు పెగలని రోజులన్నీ నీ వంతు నేనే పాడాను."

"ఆ గొంతుతోనా అవ్వా?" రూతమ్మకు ఏడుపులో నవ్వొచ్చింది.

"దేవుడు ఓర్చుకున్నాడులే. ఇకనైనా ఆయన చెవులకు సుఖమియ్యి."

రూతమ్మ అవ్వ రెక్కకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుని, తన చరణం అందుకుంది. అది కోతపండుగ ఆదివారం. దానమ్మవ్వ ఆమె వంతు పాడిన రోజులు సరిగ్గా నూట తొంభై ఆరు.