ఐదు మార్కులు ఎక్కువ

"టీచర్, నాకు ఐదు మార్కులు ఎక్కువేశారు. తీసేయండి."

పేపరు నా బల్ల మీద పెట్టి నిలబడింది నలభయ్యో ర్యాంకు పిల్ల. ఇరవయ్యేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. అర మార్కు కోసం ప్రాణం తీసేవాళ్లనే చూశాను గానీ, వేసిన మార్కులు తీసేయమన్న పిల్లని చూడలేదు.

"చూశారా, నిజాయితీ అంటే ఇదీ!" అని క్లాసంతటి చేతా చప్పట్లు కొట్టించాను. ఆ పిల్ల తల దించుకుంది.

తరవాత పేపరు తెరిచాను. ఆ పిల్ల చూపించింది ఏడో లెక్క. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"సరిగ్గానే చేశావు కదమ్మా?"

"లేదు టీచర్. ఫస్ట్ ర్యాంకు అమ్మాయికి వేరే జవాబు వచ్చింది. తనకీ ఐదు వేశారుగా."

ఆ పేపరూ తెప్పించి చూశాను. రెండో స్టెప్పులోనే లెక్క తప్పింది. కింద నా చేత్తో వేసిన ఐదు. నలభయ్యో ర్యాంకు పేపరైతే ఒళ్లు దగ్గర పెట్టుకుని దిద్దాను. ఫస్ట్ ర్యాంకు పేపర్లో దిద్దేదేముందని, పేరు చూసి మార్కులు వేసుకుంటూ పోయాను.

"నీదే రైటమ్మా. తప్పు తనది," అన్నాను, అందరికీ వినపడేలా.

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ పిల్ల నా వంక జాలిగా చూసింది. "పోనీలెండి టీచర్, నా కోసం అలా అనకండి. నా సంగతి నాకు తెలుసుగా."

బల్ల మీదున్న ఎర్ర పెన్ను తీసుకుని, తన లెక్క మీద అడ్డంగా గీత కొట్టేసింది.

ఆ గీత అచ్చం నేను గీసినట్టే ఉంది.