కెమెరా మీద బొట్టు

"ఎవురు పెట్టమన్నారు నిన్ను?"

ప్రసన్నకుమారి అరుపుకు ఒళ్లో పాప ఉలిక్కిపడి పాలు తాగడం ఆపేసింది.

లాప్‌టాప్ పైఅంచున, సరిగ్గా కెమెరా ఉండే చోట, ఎర్రటి స్టిక్కర్ బొట్టు.

అది అంటించిన గాజులమ్మ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

ఇందాక మంచినీళ్లు అడుగుతూ వాకిట్లో నిలబడిన మనిషి. కోడుమూరులో ఎప్పుడూ చూసిన ముఖం కాదు. ఎండన పడి వచ్చింది పాపం అని లోపలికి రమ్మంది ప్రసన్న. గాజుల బుట్ట దించి, నీళ్లు తాగి, బేరం మాటే ఎత్తకుండా ఆమె లాప్‌టాప్ వంకే చూస్తూ కూర్చుంది.

"ఈ మీట మీద గోళ్లరంగు నీదా తల్లీ?"

"నాది కాదు. కంపెనీ వాళ్లు ఇచ్చినప్పుడే ఉన్నింది. అదిగో, కెమెరా చుట్టూ ఆ జిగురు మరక గూడా. కిరసనాయిలు పెట్టి రుద్దినా పోలేదు."

గాజులమ్మ ఆ రంగు మరకను వేలితో మెల్లగా నిమిరింది.

"పాలిచ్చేటప్పుడన్నా దీన్ని మూయకూడదా?"

"పని ఆపేసినా కదమ్మా. చూడు, పచ్చలైటు ఆరిపోయిండాది. లైటు లేకుంటే ఎవురికీ కనపడదంట."

"అంటారు తల్లీ. అట్లే అంటారు."

ప్రసన్న పాప కేసి తల తిప్పిందో లేదో, ఈ బొట్టు.

"మేం విశ్వాసులం! మా ఇంట్లో మనుషులమే బొట్టు పెట్టుకోం, నువ్వు మిషనుకు పెడతావా? మా ఇంట్లో ఆయుధపూజ చేస్తాండావా?"

"పూజ కాదు తల్లీ. నేను చెప్పేది..."

"ఏం చెప్తావు నువ్వు?"

ఆ కోపం ఒక్క బొట్టు మీదిది కాదు.

మొగుడు లేవి మంగంపేట గనుల్లో ఉంటాడు. ఇంటరు సగంలో ఆగిపోయిన చదువుకు ఇంట్లో కూర్చుని చేసే టైపు పని దొరకడమే గొప్ప. కానీ పని చేసినంతసేపూ ముఖం కెమెరాలో కనపడాలి. పక్కకు ఒరిగితే హెచ్చరిక. కెమెరా మూస్తే పని ఊడుతుంది. ఉన్నది ఒక్క గది. అందులోనే వంట, అందులోనే పాప, అందులోనే ఆ కన్ను. పైట సర్దుకోవాలన్నా గుండె దడ.

కెమెరా లేనిది ఇవ్వండి సార్ అని అడిగితే సూపర్‌వైజర్ నవ్వాడు. "కళ్లు లేకుండా మనిషి పుడతాడా మేడమ్? లాప్‌టాప్ గూడా అంతే."

ఆ నవ్వు మీది మంటంతా లోపలే దాచుకుంది. ఇప్పుడు ఈ గాజులమ్మ దొరికింది.

పెరట్లోంచి అత్త కృపమణి పరుగెత్తుకొచ్చింది.

"ఏమ్మే, నీళ్లడిగి ఇంట్లో దూరి బొట్లు పెడతాండావా? నడువు బయటికి!"

బుట్టను కాలితో నెట్టేసింది. గాజులు గడప దాటి భళ్లుమన్నాయి.

ప్రసన్న బొట్టును పీకి ఆమె కళ్లముందే వాకిట్లోకి విసిరికొట్టింది.

గాజులమ్మ ఒక్క గాజూ ఏరుకోలేదు.

"నన్ను తిట్టు తల్లీ. దాన్ని మాత్రం మూసుకో" అని, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

పాప మళ్లీ పాలకు అందుకుంది.

ఫోను మోగింది. సూపర్‌వైజర్.

"థాంక్స్ మేడమ్."

"ఎందుకు సార్?"

"ఆ బొట్టు వెంటనే పీకేసినారు కదా. ఆ గాజులామెను ఇంకోసారి ఇంట్లోకి రానియ్యొద్దు."

ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం ఆరిపోయిన పచ్చలైటు వంక చూసింది. పైట లాక్కుంది.

"సార్... నేను పని ఆపేసి ఉండా. లైటు ఆరిపోయిండాది. మీకెట్ల కనపడింది?"

అవతల మౌస్ క్లిక్‌మన్న చప్పుడు.

"బిడ్డకు పాలిస్తాండా నేను! ఎన్నాళ్ల నుంచి చూస్తాండావురా?"

"మర్యాదగా మాట్లాడండి."

"మర్యాదా? దినమంతా నా మొహం చూస్తాండావే, నీ మొహం చూపించురా ఒకసారి! సిగ్గుంటే చూపించు!"

"ఆమె నూరిపోసిందా ఇదంతా? కూతురు చచ్చిపోయినప్పటి నుంచి ఆ మనిషికి మతి లేదు మేడమ్..."

"ఏ కూతురు?"

ఫోను కట్టయింది.

లాప్‌టాప్ మూత ధడేలున మూసి, పాపను భుజానేసుకుని, చెప్పులైనా లేకుండా బస్టాండుకు ఉరికింది ప్రసన్న.

"గాజులామెనా?" అన్నాడు టీ కొట్టు గోపన్న. "కర్నూలు బస్సెక్కి ఇప్పుడే పాయ కదమ్మా. బుట్టలో ఒక్క గాజు గూడా లేదు, ఏం బేరమో ఏమో."

తిరిగి వచ్చేసరికి అత్త గాజు ముక్కలు ఊడుస్తోంది.

"ఆగత్తా!"

మట్టిలోంచి ఆ బొట్టు ఏరి, కొంగుతో తుడిచింది. జిగురు పోయిన దానికి వెనకాల అన్నం మెతుకు రాసింది.

కృపమణి నోరు తెరిచింది. "ఏందే, నువ్వే పెడతాండావా?"

"నేనే పెడతాండా. వాణ్ణి రమ్మను, ఎవుడు పీకుతాడో చూస్తా!"

మూత తెరిచి బొట్టును కెమెరా మీద పెట్టి, బొటనవేలితో గట్టిగా అదిమింది.

కిరసనాయిలుకు పోని ఆ గుండ్రటి జిగురు మరకలో అది అచ్చంగా సరిపోయింది.

అంతకుముందు ఇదే లాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేసి, పని ఆపినప్పుడల్లా ఇదే చోట బొట్టు అంటించుకున్న ఆ గోళ్లరంగు పిల్ల, గాజులమ్మ కూతురు.