కప్పు గెలిచిన నాడు

"తలతోని కొట్టిండు. గీ రెండు కండ్లతోని చూసిన," అన్నాడు సంతోష్‌రావు.

"నీకే ఉన్నయా కండ్లు, మాకు లేవా? ఎడమకాలుతోని కొట్టిండు," అన్నాడు లింగమూర్తి.

భవ్యశ్రీ కెమెరా ఆపేసింది. ఆమె కరీంనగర్ లోకల్ ఛానెల్ నుంచి వచ్చింది. గోదావరి ఎలెవన్ ఫుట్‌బాల్ జట్టు రాష్ట్ర లీగ్ కప్పు గెలిచి ముప్పై ఏళ్లు అవుతోంది. ఆ జట్టు కోసం గొంతులు పోయేలా అరిచిన అభిమానులు కొండగట్టు దగ్గరి ఈ ఊళ్లో ఇంకా ఉన్నారని విని, వాళ్లను సంతోష్‌రావు ఇంటి వరండాలో కూర్చోబెట్టింది. కెమెరా ముందు మాట్లాడేది ఒక్కరే. ఆ ఒక్కరు ఎవరో తేలకముందే, చివరి గోల్‌ను ఆ జట్టు ఆటగాడు యాకూబ్ తలతో కొట్టాడా కాలితో కొట్టాడా అన్న తగవు మొదలైంది.

అప్పట్లో ఊరందరికీ కలిపి టీవీ ఉన్నది ఈ ఇంట్లోనే. ఇప్పుడంటే స్లాబు గాని, అప్పుడు గూన పెంకుల ఇల్లు. కరీంనగర్ గ్రౌండులో చెప్పుల్లేకుండా ఆడిన పిల్లలు ఆ పెట్టెలో కనిపిస్తుంటే జనం నోరు తెరుచుకుని చూసేవారట. చివరి మ్యాచ్ రోజున సంతోష్‌రావు తల్లి సరళాదేవి టీవీకి కొండగట్టు అంజన్న గుడి సిందూరం బొట్టు కూడా పెట్టిందట.

"బొట్టు పెట్టినా బొమ్మ నిలువలే," అని నవ్వాడు లింగమూర్తి. ఆట సగంలో ఉండగా గాలిదుమారం లేచిందని, తెర మీద చీమలు పారినట్టు అయిందని, ఎవరో పైకెక్కి యాంటెన్నా పట్టుకుంటే తామంతా లోపలి నుంచి అరిచామని చెప్పాడు.

"ఇంకింత ఇటు తిప్పు, ఇంకింత ఇటు తిప్పు అని ఒకటే లొల్లి. బొమ్మ కుదరంగనే, గట్లనే పట్టుకో, కదలకు అన్నం."

"పైకి ఎక్కింది ఎవరు?" అని అడిగింది భవ్యశ్రీ.

"ఎవడో పోరడు," అన్నాడు సంతోష్‌రావు. అతని మనసు గోల్ మీదే ఉంది. "గదంత ఎందుకు గాని, హనుమండ్లన్నను అడుగు. ఆయన ఏదంటే గదే ఖరారు."

లింగమూర్తి కూడా సరేనన్నాడు. ఊళ్లో ఆ మ్యాచ్ ముచ్చట చెప్పాలంటే హనుమండ్లే చెప్పాలి. పెళ్లి పందిట్లో అయినా, దుబాయి నుంచి వచ్చినవాళ్లు కూడినా, ఆయనను పిలిచి చెప్పించుకునేవారు. ఆయన చెబితే మళ్లీ చూసినట్టు ఉంటుందని పేరు.

హనుమండ్లు మూలన స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తువ్వాల కొసను వేలికి చుడుతూ, తనకు వద్దని, వాళ్లిద్దరిలోనే ఎవరినైనా చెప్పనిమ్మని బతిమాలాడు. ఊళ్లో చెప్పడం వేరు, కెమెరాకు చెప్పడం వేరు అన్నాడు. ఎవరూ వినలేదు. లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ముందుగాల ఈల ఇనొచ్చింది. ఎనుక కామెంటరీ చెప్పేటాయన గొంతు ఉరుకుడు వెట్టింది. యాకూబ్, యాకూబ్ అనుకుంట ఆయన గొంతు ఎంత పైకి పోతే బాలు అంత దగ్గరికి పోతున్నట్టు. ఒక్కసారిగ అందరు గప్‌చుప్. గంత మంది ఉండి ఒక్కలు ఊపిరి తీస్తలేరు. గాలి సుత ఆగిందనిపిచ్చింది. గంతే బిడ్డా. ఇగ లేసిన కేకకు గోడలు అదిరినయ్, పెంకులు అదిరినయ్, నా కాళ్లు అదిరినయ్. కింద పడ్తనేమో అనుకున్న. పడితే పడనీ, కప్పు మాదే అనుకున్న."

అప్పటిదాకా తగువులాడిన ఇద్దరూ గుడికి వచ్చినవాళ్లలా నిలబడిపోయారు. లింగమూర్తి అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. ఆ మ్యాచ్ నాటికి పుట్టనే లేని భవ్యశ్రీకి కూడా తాను చూడని గోల్‌ను ఇప్పుడే చూసినట్టయింది.

కొంచెం తేరుకుని ఆమె ఫోన్ తీసింది. ఆ మ్యాచ్ రికార్డు చేసిన పాత క్యాసెట్ ఒకటి దొరికిందని, అందులో చివరి గోల్‌ను ఫోన్‌లోకి ఎక్కించుకుని తెచ్చానని చెప్పింది. అంతే, అందరూ వచ్చి ఆమె చుట్టూ మూగారు. హనుమండ్లు కూడా గబుక్కున లేచాడు.

"నువ్వు కూసో అన్నా. నీ కండ్లల్ల ఉన్నదానికంటె గీ ఫోన్ల ఏం కనవడ్తది," అన్నాడు సంతోష్‌రావు.

హనుమండ్లు కూర్చోలేదు. వాళ్ల వీపుల వెనక మునివేళ్ల మీద నిలబడి మెడ సాచాడు. ఒక భుజం అడ్డం వస్తే ఇంకో వైపుకు జరిగాడు.

భవ్యశ్రీ వేలు తెర మీద ఆగిపోయింది. ఆమెకు ఏదో గుర్తొచ్చింది.

"పెద్దనాయినా, ఇంత మంచిగ చెప్పినవు గాని, తలతోని కొట్టిండా, కాలుతోని కొట్టిండా చెప్పనే లేదు."

అందరూ వెనక్కి తిరిగారు. హనుమండ్లు ఒకసారి సంతోష్‌రావును, ఒకసారి లింగమూర్తిని చూశాడు. తల అన్నా నమ్మేవాళ్లున్నారు, కాలు అన్నా నమ్మేవాళ్లున్నారు. ఏదో ఒక మాట అనేస్తే ముప్పై ఏళ్ల పేరు నిలబడుతుంది. ఆయన ఆ మాట అనలేకపోయాడు.

"నాకు తెల్వది బిడ్డా."

"అదేంది, కప్పు గెలిచినప్పుడు నువ్వు టీవీ ముంగట లేవా?" అని అడిగింది భవ్యశ్రీ.

"ఇంటి కప్పు మీదున్న, యాంటెన్నా పట్టుకొని. జర గా ఫోన్ ఇంకింత ఇటు తిప్పు."