తబితా ఇచ్చిన లైటు

ఆ మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురున్నారు. మంచం మీద పోలారావు, వంటింట్లో అతని తల్లి గౌరమ్మ, గదిలో బల్ల తుడుస్తూ కూతురు యామిని. యామిని తల్లి జీడిపప్పు పనికి పలాస వెళ్లింది.

పొద్దున్నుంచి సముద్రం మీది గాలి. కొబ్బరి మట్ట పడి కరెంటు తీగ తెగింది.

పోలారావుకు నీళ్ల సంచి మార్చే వేళయింది. కిడ్నీలు పాడైన దగ్గర్నుంచి ఇంట్లోనే డయాలసిస్. కడుపుకు అమర్చిన గొట్టంలోంచి పాత నీళ్లు దించి కొత్తవి ఎక్కించాలి. ఆ పని యామినిది. దుమ్ము రాకుండా తలుపూ కిటికీలూ మూయాలి. గొట్టం మూతికి వేలు తగిలిందా, లోపల చీము పట్టి మనిషి దక్కడు.

కిటికీలు మూసేసరికి గదిలో ఏమీ కనబడలేదు. ఫోను పొద్దున్నే ఆరిపోయింది.

"మామ్మా, ఎమర్జెన్సీ లైటేది?"

గౌరమ్మ ట్రంకుపెట్టె తెరిచి, పాత చీరల అడుగునుంచి తీసింది. యామిని మీట నొక్కింది. లైటు ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

"సార్జింగు పెట్టనేదా?"

"పెడితే ఆవిడి కంట్లో పడదేటే, గుంటా?"

ఆవిడంటే తబితా. ఆసుపత్రి వరండాలో పోలారావు పక్కన కూర్చున్న పొరుగూరి మనిషి. 'మా ఇంట్లో రెండున్నాయి, ఒకటి మీరుంచుకోండి' అని అడక్కుండానే ఈ లైటు ఇచ్చింది. అప్పట్నుంచీ వారం వారం వచ్చి గుమ్మంలో నిలబడేది.

"లైటెలుగుతందా అమ్మా?"

వెలిగించి చూపిస్తే కాసేపు చూసి వెళ్లిపోయేది. కూర్చోమని ఎవరూ అనేవారు కాదు. యామినికి అనాలనే ఉండేది. నోరు వచ్చేది కాదు.

"ఎనక్కి అట్టుకుపోడానికే తిరుగుతంది" అని గౌరమ్మ లైటు దాచేసింది. మొన్న వచ్చినప్పుడు పాడైపోయిందని చెప్పి పంపేసింది.

"కిటికీ తీసీసి మార్సీ" అన్నాడు పోలారావు ఆయాసంగా.

"ఇసకొత్తంది నాన్నా."

"మరేటి సేత్తావు? ఒళ్లు ఉబ్బిపోతంది."

వంటింటి గుమ్మంలో కూర్చున్న మామ్మ ఒళ్లో ఆ లైటు పెట్టి, యామిని చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చింది. తడి చేతులు పైకెత్తి పట్టుకుని చీకట్లో నిలబడింది.

వీధి తలుపు చప్పుడైంది. తబితా. జుట్టు నిండా ఇసుక, చంకలో గుడ్డసంచి.

"సూసావా, సంచి కూడా తెచ్చుకుంది" గొణిగింది గౌరమ్మ.

తబితా ఆ సంచిలోంచి ఇంకో లైటు తీసి, గదిలో బల్ల మీద పెట్టి మీట నొక్కింది. గోడలు తెల్లగా వెలిగాయి.

"అది పాడైపోనాదన్నారు గదా. ఇది మా ఇంట్లోది. సార్జింగు నిండుగుంది."

గౌరమ్మ ఒళ్లో ఉన్న లైటు మీదికి కొంగు లాక్కుంది.

"మరి మీకు?" అంది యామిని.

"నానొక్కదాన్నే గదమ్మా. సీకట్లో కూకుంటే ఏటి పోద్ది."

ఆమె అప్పటికే గది బయటికి నడిచింది. కడిగిన చేతులతో యామిని తలుపు ముట్టుకోకూడదు.

"నోపలికొచ్చి కూకో పిన్నీ."

"ఒద్దమ్మా, మార్సీటప్పుడు ఒకరే ఉండాల. గొట్టం మూతి కాడ నిదానం. ఆ పొద్దు మా ఇంట్లో కరెంటు నేదు, ఇలాటి లైటూ నేదు, సీకట్లో నా వేలే తగిలింది మా ఆయన గొట్టానికి" అని, తబితా బయటినుంచి తలుపు దగ్గరగా వేసింది.